తెల్లరంగు కింద ఐదు తలుపులు

జనగామ నుండి నాచారం చేరడానికి బస్సులో రెండు గంటలు, ఆపైన ఆటోలో పావుగంట. ఇంత చిన్న ప్రయాణాన్ని యాత్ర అనడానికి మొదట సంకోచించాను. కాని కాశీకి పోయి వచ్చినప్పుడు కూడా నా మనస్సు ఇంతగా మారలేదు. అందువల్ల ఆ తావు చూడనివారి కొరకు ఆ కొద్ది దినముల వృత్తాంతాన్ని వ్రాస్తున్నాను. ఇది ప్రత్యేక రాష్ట్రం ఏర్పడడానికి ఏడాది రెండేళ్ళ ముందటి సంగతి.

నేను ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేశాను. విరమణ తరువాత తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పనిలో పడ్డాను. మూలమైన తాటాకు ప్రతిని మాతృక అనీ, దానిని చూచి వ్రాసుకొన్న ప్రతిని పుత్రిక అనీ మేము వ్యవహరిస్తాము. మాతృక దొరికే వీలుండగా పుత్రికను మాత్రమే చూచి తీర్పు చెప్పరాదన్నది ఆ విద్యలో మొదటి నియమం. దీనిని ఎందరికో బోధించాను. తప్పినవాణ్ణి కూడా నేనే.

కనకయ్య నా పాత శిష్యుడు. పదవ తరగతి తప్పి, నాచారం పారిశ్రామికవాడకు పోయి, ఇనుప బీరువాలకు రంగు వేసే పనిలో కుదిరాడు. ఇప్పుడతనికి యాభై దాటాయి. సొట్టపడి పనికిరావని పక్కన పడవేసిన బీరువా తలుపులను యజమానిని అడిగి ఇంటికి తెచ్చుకొని, పదకొండేళ్ళుగా వాటిపై తనకు తోచిన రీతిలో రంగులు వేస్తున్నాడు. మనిషి, చెట్టు, దేవుడు, ఏ ఆకారమూ లేని చిత్రాలవి. తొమ్మిది తయారైన తరువాత, ఎవరి అభిప్రాయమూ అడగనివాడు మొట్టమొదటిసారి నన్ను అడిగాడు. బావమరిది చేత ఫొటోలు తీయించి, డిస్కులో పెట్టి పంపాడు.

మా ఊరి ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చుండి తొమ్మిదింటినీ పది నిమిషాలలో చూచాను. ఆ పూటనే కార్డు వ్రాశాను. "నాయనా, చిత్రమన్నది చూచువానికి ఏదో ఒకటి చూపవలెను. వీనియందు రంగు తప్ప నాకేమియు కానరాలేదు. ఈ శ్రమ మానుట మేలు."

ఆరు వారాల తరువాత అతని భార్య సుగుణ ఫోను చేసింది.

"సార్, మీ కార్డు వచ్చిన కాన్నుంచి ఐతారం ఐతారం ఒక్కో తలుపు మీద తెల్లరంగు కొడుతుండు. ఐదు అయిపోయినయ్. ఎందుకయ్యా అంటే, సార్ చెప్పినంక ఇంకేమున్నదంటడు. జర మీరొక్క మాట చెప్పున్రి."

"ఫోను అతనికివ్వమ్మా" అన్నాను.

"మీతోని ఫోన్ల మాట్లాడనీకి ఆయనకు గొంతు లేవది సార్."

మరుసటి ఆదివారానికి రెండు దినములే వ్యవధి. నా అభిప్రాయం మారి బయలుదేరలేదు. నా మాట మీద ఒకడు పదకొండేళ్ళ శ్రమను చెరిపివేస్తుండగా, ఆ శ్రమను కళ్ళారా చూడకుండా ఇంట్లో కూర్చోవడం దోషమని తోచి బయలుదేరాను.

ఉప్పల్ కూడలి

భువనగిరి, ఘట్‌కేసర్ దాటిన తరువాత పొలాలు తెగిపోయి, హద్దురాళ్ళుగా కడీలు పాతిన ప్లాట్లు మొదలయ్యాయి. బోడుప్పల్ వద్ద ఒక అపార్టుమెంటు సగం కట్టి ఉంది. దాని మూడవ అంతస్తులో ఎవరో అప్పటికే బట్టలు ఆరవేసుకొన్నారు. ఉప్పల్ కూడలిలో మెట్రో రైలు కొరకు స్తంభాలు లేస్తున్నాయి. బస్సు దిగగానే తవ్విపోసిన మట్టిలో కాలు దిగబడి నా చెప్పు వారు తెగింది. చెప్పును చేత పట్టుకొని ఒంటికాలి కొంగలాగా నిలబడి ఉండగా ఆటోవాడు ఆగాడు.

"ఏడికి తాతా?"

"నాచారం. బీరువాల కార్ఖానా వెనుక గల్లీ."

"ఏ బీరువాలది? గాడ సగం దేశానికి సరిపోయే బీరువాలు జేస్తరు."

"రంగు వేసే కనకయ్య ఇల్లు."

"కనకయ్యలు గూడ గట్లనే ఉన్నరు. ఎక్కు, అడుక్కుంట పోదాం. చుట్టాల ఇల్లా?"

"శిష్యుడు. అతడు వేసిన బొమ్మలు చూడడానికి వెళ్తున్నాను."

"దేవుళ్ళయా?"

"కావు."

"లీడర్లయా? ఇప్పుడు గవే నడుస్తున్నయ్."

"అవీ కావు. ఏ ఆకారమూ ఉండదు. రంగులే."

అతడు అద్దంలో నన్ను చూచాడు. "ఏం లేనిది సూడనీకి చెప్పు తెంపుకొని మరీ వచ్చినవ్. నువ్వు పెద్దమనిషివే తాతా."

నాకు కోపం రాలేదు. అతడన్నది నేను కార్డు మీద వ్రాసినదే గదా.

రేకుల గది

పొడవైన ఆవరణలో వరుసగా ఎనిమిది రేకుల గదులు. చివరిది కనకయ్యది. మా ఊళ్ళో అతిథి రాగానే కాళ్ళకు నీళ్ళివ్వడం ఆచారం. అక్కడ నల్లా దినం విడిచి దినం వస్తుంది, ఆ నాడు రాని దినం. అయినా సుగుణ చెంబెడు నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. ఆ నీళ్ళు సగమే వాడి మిగిలినవి తిరిగి ఇచ్చాను. ఆమె వాటిని కుండీలోని తులసికి పోసింది.

కనకయ్య పని నుంచి సాయంత్రం వచ్చాడు. నన్ను చూచి గడపలోనే ఆగిపోయాడు. కాళ్ళకు మ్రొక్కి లేచిన తరువాత కూడా నా ముఖం వైపు చూడలేదు. కుడిచేతి రెండు వ్రేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదని గమనించాను.

"మీరెందుకొచ్చిన్రు సార్, కబురు పంపితే నేనే వస్తుంటి."

"నీ తలుపులు చూద్దామని."

"సూసిన్రు గద."

అందులో నిందలేదు. అదే నన్ను బాధించింది. గది వెనుక గోడకు తొమ్మిది తలుపులు ఆనించి ఉన్నాయి. ఐదు తెల్లగా ఉన్నాయి, ఆసుపత్రి తలుపులవలె. నాలుగింటిని నాకొరకు గోడవైపు నుండి తిప్పి నిలబెట్టాడు. ట్యూబులైటు వెలుగులో అవి కంప్యూటరులో ఎట్లా కనబడ్డాయో అట్లాగే కనబడ్డాయి. ఎర్రనిది ఎరుపు, నీలిది నీలం, ఇంకొకటి మట్టిరంగు, ఇంకొకటి పాచిరంగు. దాచడమెందుకు, నాలో ఒక అల్పమైన తృప్తి కలిగింది. కార్డులో తప్పు వ్రాయలేదనుకొన్నాను. అతని మనస్సుకు ఊరటగా నాలుగు మంచి మాటలు చెప్పి మరునాడు తిరుగుబస్సు ఎక్కుదామనుకొన్నాను.

భోజనంలో ముద్దపప్పు, పచ్చిపులుసు. మా ఇంట్లో పచ్చిపులుసులో కాస్త బెల్లం పడుతుంది. సుగుణ కాల్చిన పచ్చిమిరప చిదిమి వేసింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి, కాని రెండుసార్లు పోయించుకొన్నాను.

గల్లీలో ఎండ

శనివారం పొద్దున్నే కనకయ్య పనికి వెళ్ళిపోయాడు. నేను సంచి సర్దుకొంటుండగా సుగుణా, ఆ గదుల యజమానురాలు బాలమణీ కలిసి తలుపులను ఒక్కొక్కటే బయటకు మోస్తున్నారు. గది ఇరుకు. తలుపులు లోపల ఉంటే కూర్చుండి కూర తరగడానికి కూడా చోటుండదు. అందువల్ల పగలంతా వాటిని గల్లీ గోడకు ఆనించి, సాయంత్రం లోపల పెట్టుకోవడం వారి నిత్యకృత్యం. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి.

ఎండ గల్లీలోకి ఏటవాలుగా దిగింది. చెప్పుల కొరకు బయటకు వచ్చినవాణ్ణి ఎర్ర తలుపు ముందు నుంచి నడుస్తూ ఆగాను.

దూరం నుంచి చూచినప్పుడు ఎరుపే. నాలుగడుగులు వేయగానే ఎరుపు లోపల పసుపు కదిలింది. దగ్గరకు పోతే, రంగు ఒక్క పూత కాదు. పూత మీద పూత వేసి, ఆరనిచ్చి, నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, కింద ఉన్న రంగును అక్కడక్కడ పైకి పిలిచాడు. కొంచెం రుద్దిన చోట పసుపు, లోతుగా రుద్దిన చోట ఆకుపచ్చ, ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్ళంత మేర, వట్టి ఇనుము. ఒక రంగు మరొక రంగులోకి ఎక్కడ దిగిందో వ్రేలు పెట్టి చూపలేము. ఎడమకు జరిగితే పసుపు తగ్గి పచ్చ పెరిగింది. వెనుకకు వస్తే రెండూ ఎరుపులోకి పోయాయి. తలుపు నా కంటె జానెడు ఎత్తు. దాని ఎదుట నిలబడితే ఒక వస్తువును చూస్తున్నట్లు లేదు, ఎవరో వచ్చి ఎదుట నిలబడినట్లుంది. ఇదే తలుపు కంప్యూటరులో నా అరచేతి కంటె చిన్నది.

చిత్రం ఏదో ఒకటి చూపవలెనని వ్రాసినవాణ్ణి నేను. ఇది ఏమి చూపిందని నన్నడిగితే పేరు పెట్టి చెప్పలేను. కాని అక్కడ నిలబడినంతసేపు దాని వెనుక మరొకటి ఉండాలని వెదకలేదు.

బాలమణి గోడ నీడలో కూర్చుండి చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. ఒకప్పుడు ఆ గల్లీ అంతా ఆమె అత్తగారి జొన్నచేను.

"పొద్దుగాల ఒక తీరుంటది, మాపటికి ఒక తీరుంటది" అన్నది తల ఎత్తకుండానే. "వాన పడ్డనాడు సూడాలె గా నీలిదాన్ని. నీకు గిప్పుడు కనవడ్డదా సారూ?"

"ఇప్పుడే కనబడింది."

"మూలకున్న తెల్లది లేదా, గది అన్నిటికంటె మస్తుండె. గుమ్మడిపువ్వు రంగు. దాన్నే ముందుగాల ఖరాబు జేసిండు. ఏ పండితుడో బాగలేదని రాసిండంట. సూడనోడు గూడ రాస్తడా?"

"ఆ పండితుణ్ణి నేనే."

ఆమె ఒలవడం ఆపింది. నన్ను ఎగాదిగా చూచింది.

"సూస్తే మంచోని లెక్కనే కనవడుతున్నవ్ మరి" అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకొన్నది.

హబ్సిగూడ దాకా

సంచి విప్పి బట్టలు తీసి మళ్ళీ గదిలో పెట్టాను. మధ్యాహ్నం తెగిన చెప్పు కుట్టించుకొని, వెంట తెచ్చుకొన్న డిస్కు తీసుకొని హబ్సిగూడ దాకా నడిచాను. తప్పు నా కంటిదా, యంత్రానిదా తేల్చుకోవాలనిపించింది. కోచింగ్ సెంటర్ల మధ్య మేడమీద ఒక ఇంటర్నెట్ కేంద్రం ఉంది. నడిపే అమ్మాయి నా డిస్కు పెట్టి ఎర్ర తలుపు తెరిచింది.

పొద్దున చూచిన తలుపే. ఎరుపు అంతకంటె గట్టిగా వెలుగుతున్నది. తేడా అక్కడే ఉంది. గల్లీలో తలుపు ఎండను తీసుకొని, తనలో కొంత ఉంచుకొని, కొంత తిరిగి ఇచ్చింది. ఇక్కడ వెలుగు వెనుక నుంచి వస్తున్నది. ఎండ ఎక్కినా, మబ్బు పట్టినా దానికి ఒకటే. కుర్చీని ఎడమకు జరిపాను. ఏమీ మారలేదు.

"ఏమైంది అంకుల్, సరిగ కనిపిస్తలేదా? పెద్దగ చేస్త ఉండున్రి."

ఆమె బొమ్మను పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. ఎరుపు విడిపోయి చిన్న చిన్న చదరపు గడులైంది.

"ఇంకా లోపలికి వెళ్ళవచ్చునా అమ్మా?"

"ఇంక లోపల ఏముండదంకుల్. గడులే."

ఆమె చెప్పింది నిజం. తలుపు దగ్గరకు పోయినకొద్దీ పచ్చ, పసుపు, ఇనుము ఎదురుపడ్డాయి. ఇక్కడ దగ్గరకు పోయినకొద్దీ గడులు ఎదురుపడ్డాయి. యంత్రాన్ని నిందించను. అది తన చేతనైనంత చూపింది. అంతకు మించి ఉండదని నిశ్చయించుకొన్నది నేను. తరువాత నీలి తలుపు తెరిపించాను. పొద్దున దాని కింది సగంలో ఒక విశేషం నా కంటబడింది. దానిని తెరమీద ఎంతసేపు వెదకినా కానరాలేదు.

ఆదివారం

తెల్లవారి కనకయ్య గల్లీలో పాత గోనె పరిచి, ఎర్ర తలుపును దానిపై పడుకోబెట్టాడు. తెల్లరంగు డబ్బా మూత తీసి పుల్లతో కలుపుతున్నాడు. నేను వెళ్ళి ఎదుట కూర్చున్నాను.

"కనకయ్యా, ఆపు. నేను వ్రాసింది తప్పు. చూడకుండా వ్రాశాను."

పుల్ల ఆగలేదు. "సుగుణ ఫోన్ జేసిందని నాకెరుకే సార్. నా మనసు నొస్తదని గిట్లంటున్నరు. క్లాసుల ఒక్కపారి వేసిన మార్కు మీరెన్నడన్న మార్చిన్రా? మొదలు రాసిందే మీ అసలు మాట."

అది నిజమే. మార్కు మార్చని పండితుడని నాకు పేరు. దానికి నేను గర్వపడేవాణ్ణి.

"అయితే నన్ను అడుగు" అన్నాను. "పద్యం అప్పజెప్పించుకొన్నట్లు అప్పజెప్పించుకో. నేను చూచానో లేదో తెలుస్తుంది."

"సారును నేనడుగుడా?"

గడపలో నిలబడ్డ సుగుణ అన్నది, "అడుగరాదు? ఆయనే అడుగుమంటుండు గద."

అతడు పుల్ల పక్కన పెట్టాడు. "గీ ఎర్రదాంట్ల ఎన్ని పూతలున్నయి సార్?"

వంగి చూచి లెక్కపెట్టాను. "ఐదు."

"తొమ్మిది. అన్నిట్లకంటె కిందిది ఏ రంగు?"

"ఆకుపచ్చ."

"నలుపు సార్. ఆకుపచ్చ దాని మీదిది." అతడు నవ్వలేదు. తల వంచుకొని కుంచె అందుకొన్నాడు.

"రెండూ తప్పాను" అన్నాను. "నా కళ్ళు ఈ విద్యకు కొత్తవి. ఇప్పుడు నేను ఒకటి అడుగుతాను. ఆ నీలి తలుపు కింది సగం ఎవరు రుద్దారు?"

కుంచె గాలిలోనే ఆగింది.

తాటాకు గ్రంథంలో నడుమ వ్రాయసకాడు మారితే అక్షరాలు అవే ఉన్నా గంటం దిగిన తీరు మారుతుంది. దానిని పట్టడం నా వృత్తి. ఆ తలుపు పై సగంలో రుద్దిన గుర్తులు నిలువుగా, బలంగా దిగాయి. కింది సగంలో అవి చిన్న చిన్న సుళ్ళుగా తిరిగాయి, గిన్నె తోమే చేతి తిప్పువలె. నీలం అక్కడ పలుచనై, వెలిసిన తెలుపువంటి రంగు సుళ్ళు సుళ్ళుగా పైకి వచ్చింది. ఈ మాటలే అతనితో అన్నాను.

కనకయ్య సుగుణ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పినవా?"

"నేనెందుకు చెప్త?"

అతడు కుంచె కింద పెట్టి, ముడుచుకోని రెండు వ్రేళ్ళను రెండవ చేతితో పట్టుకొన్నాడు. "నిరుడు కంపెనీల తలుపు మీద పడి చెయ్యి నలిగింది సార్. రెండు నెలలు కట్టు. గది అప్పటికి సగమే అయింది. నేను పక్కన కూసొని ఏడ రుద్దాల్నో చెప్తుంటే ఆమెనే రుద్దింది. ఎవ్వలికీ చెప్పలే." తరువాత మెల్లగా అడిగాడు. "ఫొటోల గది కనవడ్తదా సార్?"

"కనబడదు. నిన్న హబ్సిగూడకు పోయి వెదకి చూచాను. లేదు."

అతడు డబ్బా మూత తెచ్చి పెట్టి, చుట్టూ రాయితో కొట్టి బిగించాడు. సుగుణ ఎర్ర తలుపును ఎత్తి గోడకు నిలబెట్టింది. బాలమణి తన గడపలో నుంచి చూస్తున్నది.

తెల్లని ఐదు

నాలుగు తలుపులు దక్కాయి. మిగిలిన ఐదింటి మీది తెలుపు తీయవచ్చునా అని అడిగాను.

"రంగు కరిగిచ్చే తిన్నరు బెట్టి తుడుస్తే అన్ని పూతలు కరిగి ఒక్కటైతయ్ సార్. కాయితంతోని రుద్దితే తెల్లది పోయేవరకు కిందిది గూడ పోతది."

"మళ్ళీ వేస్తే?"

"వేస్త. కని గవి రావు."

తప్పు నాదని చెప్పాను. శిష్యునితో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి. "గట్లనకుండ్రి సార్" అని రెండు చెవులూ మూసుకొన్నంత పని చేశాడు. పశ్చాత్తాపం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు. నేను చేయగలిగినది ఒక్కటే కనబడింది. సుగుణను అడిగి ఒక నోటుపుస్తకం తెప్పించుకొన్నాను. మూలనున్న తెల్ల తలుపు ఎదుట ఇద్దరం నేలమీద కూర్చున్నాము.

"మొదటి పూత నుంచి చెప్పు. ఎక్కడ ఏ రంగు, ఎక్కడ ఎంత రుద్దావు, అంతా. నేను వ్రాస్తాను."

"మొదలు బూడిదరంగు సార్. రెండు దినాలు ఆరనిచ్చిన. దాని మీద గుమ్మడిపువ్వు రంగు, ఎడమ దిక్కు సన్నగ, కుడి దిక్కు జర మందంగ." నా కలం వెనుకబడినప్పుడల్లా ఆగి, "రాసిన్రా సార్?" అని అడిగి, వ్రాశానన్న తరువాతనే ముందుకు పోయాడు.

ఆ నాటి తిరుగుబస్సు ఎక్కలేదు. అతడు పని నుంచి వచ్చిన తరువాత సాయంత్రాలు కూర్చుండి, ఐదు తలుపులకు ఐదు దినాలు పట్టింది. బాలమణి కూడా వచ్చి, తాను చూచినది చెప్పింది. చివరి తలుపు దగ్గర, నడిమి పూత వద్ద కనకయ్య ఆగిపోయాడు. తెలుపు మీద చేయి పెట్టి కళ్ళు మూసుకొన్నాడు.

"గీడ ఏం జేసిన్నో యాదికి వస్తలేదు సార్. ఎంత యాది జేసినా తెల్లగనే వస్తుంది."

తాటాకు ప్రతిలో పాఠం పోయిన చోట చుక్కలు పెట్టి, పక్కన కారణం వ్రాయడం మా పద్ధతి. చెదలు తింటే చెదలు అని, ఆకు విరిగితే ఆకు విరిగినది అని వ్రాస్తాము. నోటుపుస్తకంలో ఆ పంక్తి నిండా చుక్కలు పెట్టాను. పక్కన నా పేరు వ్రాశాను.